చప్పుడు చేయని లీకు

ఒక లీటరు పెట్రోలు ఇంజిన్లో పూర్తిగా మండితే ఇంచుమించు ఒక లీటరు నీరు పుడుతుంది. పెట్రోల్లోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆవిరై, పొగగొట్టం గుండా బయటికి పోతుంది. కారు ఏకబిగిన ముప్పై కిలోమీటర్లు నడిస్తే గొట్టమంతా వేడెక్కి ఆ ఆవిరి ఆవిరిగానే వెళ్లిపోతుంది. ఇంటి నుంచి బడికి, బడి నుంచి మార్కెట్టుకు, మళ్లీ ఇంటికి తిరిగే కారులో మాత్రం వెనకాల వేలాడే సైలెన్సర్ డబ్బా వేడెక్కేలోపే ఇంజిన్ ఆగిపోతుంది. ఆవిరి అందులోనే నీరై నిలుస్తుంది, పొగలోని ఆమ్ల వాయువులు ఆ నీటిలో కరుగుతాయి, రేకు లోపలి నుంచి తుప్పు పడుతుంది. పైకి బాగానే కనిపించే సైలెన్సర్‌కు అడుగున హఠాత్తుగా చిల్లు పడినట్టు అనిపించడానికి కారణం ఇదే. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పు గాలి బయటి నుంచి కూడా అదే పని చేస్తూ ఉంటుంది. ఎలా తిరిగినా ఏదో ఒక రోజు కారు యజమానికి ఈ ప్రశ్న ఎదురవుతుంది: పాత ముక్క విప్పి కొత్తది మనమే బిగించుకోవాలా, షెడ్డుకు తీసుకెళ్లాలా? ఎక్కువమంది దీన్ని డబ్బు లెక్కగానే చూస్తారు. కొంతమంది చేతి నైపుణ్యం లెక్కగా చూస్తారు. ఆ రెండూ పక్కన పెట్టి ముందుగా అడగవలసిన మాట ఇంకొకటి ఉందని నా వాదన. బిగింపులో తప్పు జరిగితే ఆ తప్పు తనంతట తాను బయటపడుతుందా, లేక దాక్కుంటుందా? బయటపడే చోట మన చేతిని నమ్ముకోవచ్చు. దాక్కునే చోట పరికరాలున్నవాళ్ల దగ్గరికి వెళ్లాలి. పొగగొట్టం పొడవునా ఈ రెండు రకాల చోట్లూ ఉన్నాయి, వాటి మధ్య గీత ఎక్కడుందో భౌతిక, రసాయన శాస్త్రాలు చెబుతాయి.

దాక్కునే చోటుతో మొదలుపెడదాం, ఎందుకంటే కథంతా అక్కడే ఉంది. సిలిండర్ల నుంచి పొగ మొదట వచ్చి కలిసే భాగం మ్యానిఫోల్డ్. ఇంజిన్ బరువు లాగుతున్నప్పుడు అక్కడి వేడి ఏడెనిమిది వందల డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. దాని తర్వాత ఆక్సిజన్ సెన్సర్, ఆ తర్వాత పొగలోని విషాలను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్. కన్వర్టర్ ఆలోచన పాతదే. ఫ్రాన్సులో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఇంజనీరు యూజీన్ హౌడ్రీ 1950ల్లోనే దానికి పేటెంటు పొందాడు. అయితే అప్పటి పెట్రోల్లో సీసం కలిపేవాళ్లు. సీసం కన్వర్టర్ లోపలి లోహపు పూతను కప్పేసి పనికిరాకుండా చేసేది కాబట్టి, సీసం పోయేదాకా ఆ ఆలోచన ఆగవలసి వచ్చింది. మన దేశంలో 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో అమ్మే కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ తప్పనిసరి చేసి, వాటి కోసం సీసం లేని పెట్రోలు తెచ్చారు. 2000 నాటికి దేశమంతటా సీసం పెట్రోలు ఆగిపోయింది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 ఉద్గార ప్రమాణాల కార్లలో కన్వర్టర్‌ను వీలైనంతగా ఇంజిన్‌కు అంటించినట్టే పెడుతున్నారు. సుమారు 250, 300 డిగ్రీలు దాటితే గానీ అందులోని ప్లాటినం, పల్లాడియం, రోడియం పని మొదలుపెట్టవు. దగ్గరుంటే త్వరగా వేడెక్కుతాయి. అంటే ఇవాళ్టి కారు కింద వంగి చూస్తే కనిపించే గొట్టం, డబ్బా చాలావరకు చప్పుడు తగ్గించే సరంజామా మాత్రమే. పొగను శుభ్రం చేసే భాగం బానెట్ కింద ఉంటుంది.

ఆక్సిజన్ సెన్సర్ చేసే పనిని కాస్త నిదానంగా చూడాలి. పెట్రోలు సరిగ్గా మండాలంటే ఒక కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి కావాలి. ఈ నిష్పత్తి దగ్గర నిలిస్తేనే కన్వర్టర్ మూడు విషాలనూ, అంటే కార్బన్ మోనాక్సైడ్‌ను, కాలని హైడ్రోకార్బన్లను, నైట్రోజన్ ఆక్సైడ్లను, ఒకేసారి తగ్గించగలదు. సెన్సర్ మొనలో జిర్కోనియా అనే పింగాణి పదార్థం ఉంటుంది. దానికి ఒకవైపు బయటి గాలి, మరోవైపు పొగ. రెండు వైపుల ఆక్సిజన్‌లో తేడా ఎంత ఉంటే దాన్నిబట్టి 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఒక చిన్న విద్యుత్ సంకేతం పుడుతుంది. ఇంజిన్ కంప్యూటర్ ఆ సంకేతం చూసి క్షణక్షణమూ పెట్రోలు పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఇప్పుడు మ్యానిఫోల్డ్‌కు, ఇంజిన్‌కు మధ్య ఉండే గ్యాస్కెట్ కాస్త వంకరగా కూర్చుందనుకుందాం. వెంట్రుకంత సందు. లోపల ఒత్తిడి ఎక్కువ కాబట్టి పొగ బయటికి రావాలి గానీ గాలి లోపలికి ఎలా పోతుందని అనిపిస్తుంది. పొగ ఒకే ధారగా పారదు, అలలుగా వస్తుంది. ప్రతి అల వెనకా ఒక క్షణం ఒత్తిడి బయటి గాలి కన్నా తగ్గుతుంది, ఆ క్షణంలో సందులోంచి గాలి లోపలికి దూరుతుంది. సెన్సర్ ఆ అదనపు ఆక్సిజన్‌ను చూసి పెట్రోలు తక్కువైందని చెబుతుంది. కంప్యూటర్ నమ్మి పెట్రోలు పెంచుతుంది. ఇంజిన్ మామూలుగానే నడుస్తుంది, బహుశా పికప్ కొంచెం బాగున్నట్టు కూడా అనిపిస్తుంది. మైలేజీ మాత్రం మెల్లగా తగ్గుతుంది. ఎక్కువైన పెట్రోలు, దూరిన గాలి కలిసి కన్వర్టర్ లోపల మండి దాన్ని ఉండవలసిన దానికన్నా వేడెక్కిస్తాయి. సర్దుబాటు హద్దు దాటేదాకా చెక్ ఇంజిన్ లైటు వెలగదు. తప్పును దాచిపెడుతున్నది సాక్షాత్తూ ఇంజిన్ కంప్యూటరే. అది తన పని తాను చక్కగా చేస్తున్నందువల్లే మనకు తెలియడం లేదు.

ఇంత సున్నితమైన చోట చిన్న పొరపాట్లు కూడా లెక్కలోకి వస్తాయి. లీకు ఆపుదామని మామూలు సిలికాన్ పేస్టు రాస్తే దాని ఆవిరి సెన్సర్ మొన మీద పేరుకొని దాన్ని పాడు చేస్తుంది. మ్యానిఫోల్డ్ నట్లను ఒక చివర నుంచి వరసగా బిగించుకుంటూ పోతే గ్యాస్కెట్ ఒకవైపు నొక్కుకొని రెండోవైపు లేస్తుంది. మధ్య నుంచి చివరలకు, ఇంత బలమని కొలిచే టార్క్ రెంచితో, విడతలవారీగా బిగించాలి. అల్యూమినియం ఇంజిన్ తలలో పాత ఇనుప స్టడ్డు విరిగితే దాన్ని డ్రిల్లుతో తీయడం వర్క్‌షాపు పని, తప్పితే తల మొత్తం దించాలి. డీజిల్ బీఎస్-6 కారులో అయితే మసిని పట్టి, సుమారు 600 డిగ్రీల దగ్గర కాల్చే ఫిల్టర్ కూడా ఈ వరసలోనే ఉంటుంది, దాని ముందూ వెనకా ఒత్తిడి కొలిచే సెన్సర్ ఉంటుంది. అందుకే ఇంజిన్ నుంచి కన్వర్టర్ చివరి ఫ్లాంజి దాకా, డీజిల్లో ఫిల్టర్ దాటేదాకా, ఇంట్లో చేయవలసిన పని కాదని నిస్సంకోచంగా చెబుతాను. చేయి తిరిగినవాళ్లకు కూడా ఇదే మాట, ఎందుకంటే ఇక్కడ చెయ్యి ఎంత మంచిదైనా ఫలితాన్ని కంటితో, చెవితో సరిచూసుకునే వీలు లేదు. లీకును పట్టడానికి పొగ నింపే యంత్రం, సెన్సర్ సంకేతాన్ని చూపే స్కానర్ కావాలి.

గీత దాటి వెనక్కి వస్తే పరిస్థితి మారిపోతుంది. కన్వర్టర్ తర్వాత ఉన్నదంతా ప్రధానంగా ధ్వనిశాస్త్రం. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే సెకనుకు వంద పేలుళ్లు జరుగుతాయి, ఆ వంద హెర్ట్‌జ్ మోతే పొగగొట్టం అసలు గొంతు. దాన్ని అణచడానికి డబ్బా లోపల గదులు, చిల్లుల గొట్టాలు పెడతారు. గదుల్లో తిరిగి వచ్చిన అల, ఎదురు వచ్చే అలను రద్దు చేస్తుంది, కొంత శబ్దాన్ని లోపల నింపిన పీచు పీల్చుకుంటుంది. అమెరికాలోని ఇండియానాకు చెందిన రీవ్స్ సోదరులు 1897లోనే ఇంజిన్ మోతను తగ్గించే ఇలాంటి పరికరానికి పేటెంటు తీసుకున్నారు, ప్రాథమిక సూత్రం ఇప్పటికీ అదే. ఇక్కడ బిగింపు సరిగా లేకపోతే ఏమవుతుంది? బర్రుమని మోగుతుంది. రబ్బరు సరిగా తొడగకపోతే డబ్బా కారు అడుగును కొడుతుంది. క్లాంపు వదులైతే మొదటి స్పీడ్ బ్రేకరు దగ్గరే తెలిసిపోతుంది. తప్పు దానంతటదే అరిచి చెప్పే చోటు ఇది. తెగిన రబ్బరు మార్చడం, వదులైన క్లాంపు బిగించడం, బోల్టులతో వచ్చే వెనక సైలెన్సర్‌ను అదే కొలతల కొత్త సైలెన్సర్‌తో మార్చడం, ఇవన్నీ ఓపిక ఉన్న ఎవరైనా నేర్చుకోగలిగిన పనులు. నేర్చుకోవాలి కూడా. సొంత వాహనం అడుగు ఎలా ఉంటుందో తెలిసిన మనిషిని షెడ్డులో ఎవరూ తేలిగ్గా మాయ చేయలేరు.

అయితే ఈ వెనక భాగంలో కూడా దాక్కునే తప్పు ఒకటుంది, ప్రాణానికి సంబంధించినది కాబట్టి దాన్ని విడిగా చెప్పాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. మామూలు గాలి పీల్చుకుంటూ ఉంటే రక్తంలో చేరిన దానిలో సగం పోవడానికే నాలుగైదు గంటలు పడుతుంది. కన్వర్టర్ వేడెక్కాక పొగలో ఈ వాయువు బాగా తగ్గుతుంది నిజమే, కానీ చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లో కన్వర్టర్ పని చేయదు, లీకు ఉందో లేదో వినడానికి మనం ఇంజిన్ స్టార్ట్ చేసేది సరిగ్గా అప్పుడే. అపార్టుమెంటు సెల్లార్లో గోడ పక్కన కారు నిలబెట్టి, కింద పడుకొని, ఇంజిన్ ఆన్ చేయించి లీకు వెతకడం ఎవరూ చేయకూడని పని. బయట, గాలి ఆడే చోటే చేయాలి. తోక గొట్టం పొడవు విషయంలోనూ జాగ్రత్త అవసరం. కారు పరుగెత్తేటప్పుడు వెనక భాగంలో గాలి ఒత్తిడి తగ్గి సుడులు తిరుగుతుంది. తోక గొట్టం బంపర్ అంచు దాకా రాకుండా పొట్టిగా ఉంటే పొగ ఆ సుడిలో చిక్కి డిక్కీ రబ్బరు సందుల్లోంచి లోపలికి రావచ్చు. చప్పుడు ఏమీ ఉండదు. ఏసీ వేసుకొని అద్దాలు మూసుకున్న కుటుంబానికి తలనొప్పి, వికారం మాత్రమే తెలుస్తాయి, వాటిని ప్రయాణపు అలసట అనుకుంటారు.

ఇక కారు కిందికి దూరడం గురించి. హ్యాచ్‌బ్యాక్ కారు ఏడెనిమిది వందల కిలోల నుంచి టన్ను దాకా తూగుతుంది. డిక్కీలో కారుతో పాటు వచ్చే జాకీ టైరు మార్చడానికి ఇచ్చినది, కింద మనిషి ఉండగా కారును మోయడానికి కాదు. నట్టు విప్పడానికి మనం పక్కకు లాగే బలానికే అది ఒరిగిపోవచ్చు. దానికి తోడుగా ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పేర్చడం మన దగ్గర మామూలుగా కనిపిస్తుంది. ఇటుక, సిమెంటు ముందుగా వంగి హెచ్చరించవు, ఒక్కసారిగా పగిలిపోతాయి. రెండు ఉక్కు స్టాండ్లు, గట్టి నేల, ముందు చక్రాలకు అడ్డు, ఈ మూడూ లేకపోతే వెనక సైలెన్సర్ పని కూడా ఇంట్లో మొదలుపెట్టవద్దు. తుప్పు పట్టిన బోల్టు సంగతి వేరే. తుప్పు అసలు ఇనుము కన్నా కనీసం రెండింతల చోటు ఆక్రమిస్తుంది, అందువల్ల మరల మధ్య అది బిర్రుగా కూరుకుపోతుంది. ముందు రోజే తుప్పు వదిలే నూనె కొట్టి నాననిస్తే చాలా బోల్టులు లొంగుతాయి. లొంగకపోతే షెడ్డులో గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి విప్పుతారు. చాలా కార్లలో వెనక సీటు కిందే పెట్రోలు ట్యాంకు ఉంటుంది కనుక ఇంటి దగ్గర మంట పెట్టే ఆలోచన చేయకూడదు. పదేళ్లు దాటి, తీరప్రాంతంలో తిరిగిన కారుకు బోల్టు తలలు గుండ్రంగా అరిగిపోయి కనిపిస్తే, మొదలుపెట్టి మధ్యలో వదిలేయడం కన్నా మొదటే షెడ్డుకు పోవడం తెలివైన పని. సగం విప్పిన సైలెన్సర్‌తో కారు అక్కడికి నడిచి కూడా పోలేదు.

షెడ్డుకే వెళ్లాలన్న మాటకు మొదటి అభ్యంతరం బలమైనది. షెడ్డులో మాత్రం సరిగా చేస్తారని ఏమిటి నమ్మకం? 1973లో మైకేల్ డార్బీ, ఎడీ కార్నీ అనే ఆర్థికవేత్తలు ఇలాంటి సేవల గురించే రాశారు. కొన్ని వస్తువులు కొనకముందే చూసి తెలుసుకోగలం, కొన్ని వాడాక తెలుస్తాయి, కొన్ని మాత్రం కొని వాడిన తర్వాత కూడా మంచివో కావో తెలియవు. రిపేరు అలాంటిదే. చేసేవాడే జబ్బు చెబుతాడు, మందు కూడా అతనే ఇస్తాడు. సైలెన్సర్ పనిలో ఈ భయం ఊహ కాదు. కన్వర్టర్ మూసుకుపోయిందని చెప్పి లోపలి పింగాణి దిమ్మె పొడిచి తీసేసి, ఖాళీ డబ్బా వెల్డింగ్ చేసి ఇచ్చేవాళ్లున్నారు. ఆ దిమ్మెలో కొద్ది గ్రాముల విలువైన లోహాలుంటాయి, వాటి కోసమే మారుతీ ఈకో వ్యాన్ల సైలెన్సర్లను దొంగిలించిన కేసులు దేశంలో ఎన్నో నమోదయ్యాయి. కాబట్టి అనుమానం న్యాయమైనదే. కానీ ఆ అనుమానానికి జవాబు మనమే మ్యానిఫోల్డ్ విప్పడం కాదు. జబ్బు చెప్పే పనిని, బాగుచేసే పనిని విడదీయడమే జవాబు. చప్పుడు ఎక్కణ్నుంచి వస్తోందో, నల్లటి మసి చార ఏ జాయింటు దగ్గర కనిపిస్తోందో, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మాత్రమే టక్కుటక్కుమంటోందో ఎప్పుడూ అంటోందో చూసి రాసుకోవడం యజమాని పని. వీలైతే ఒక చోట పరీక్ష చేయించి ఇంకొక చోట పని చేయించవచ్చు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల సైలెన్సర్ పనివాళ్లు, స్కానర్ పెట్టేవాళ్లు, వెల్డింగ్‌వాళ్లు విడివిడిగా దొరుకుతారు గనుక ఇది కష్టం కాదు. పాత ముక్కను తిరిగి ఇవ్వమని ముందే చెప్పాలి.

రెండో అభ్యంతరం డబ్బు. అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లు చాలామంది ఇంటి గ్యారేజీలో సొంతంగా పని చేసుకుంటారు, అక్కడ షెడ్డు కూలి ఖరీదు అలాంటిది. ఆ లెక్క అక్కడ సరైనదే కావచ్చు. అక్కడ కూడా కన్వర్టర్ తీసేయడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం, కాలిఫోర్నియాలో అయితే రాష్ట్రం ఆమోదించిన కన్వర్టర్నే పెట్టాలి. మన ఊళ్లలో ఖర్చు తీరు తిరగబడి ఉంటుంది. కూలి తక్కువ, మంచి స్టాండ్లు, టార్క్ రెంచి లాంటి పనిముట్లు ఖరీదు. ఒక్కసారి చేసే పని కోసం వాటిని కొంటే మిగిలేది ఉండదు. అందుకే డబ్బు మిగులుతుందని ఎవరైనా ఇంట్లో పని మొదలుపెడితే ఆ కారణం నాకు బలంగా కనిపించదు. తెలుసుకోవాలనే కోరికతో మొదలుపెడితే అది పూర్తిగా మంచి కారణం. మోత కోసం సైలెన్సర్ మార్చేవాళ్లకు మాత్రం ఏ కారణమూ లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కారు అసలు నిర్మాణాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది, కేంద్ర నిబంధనల్లో 120వది సైలెన్సర్‌ను తప్పనిసరి చేస్తుంది, 2019 సవరణ తర్వాత శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే మూడు నెలల దాకా జైలు లేదా పది వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. రాత్రి నిద్రపోయే వీధి మొత్తం ఆ సరదాకు మూల్యం చెల్లిస్తుందన్నది చట్టం కన్నా పెద్ద కారణం.

మూడో సంగతిని ఎవరూ అభ్యంతరంగా లేవనెత్తరు, కానీ నన్ను బాగా కలవరపెట్టేది అదే. ప్రమాదం అని మనం చేయని పనిని షెడ్డుకు ఇచ్చినప్పుడు ప్రమాదం మాయం కాదు. చాలా షెడ్లలో ర్యాంపు ఉండదు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల హెల్పరు ఒంటి జాకీ మీద లేపిన కారు కింద అట్టముక్క వేసుకొని పడుకుంటాడు, కళ్లద్దాలు లేకుండా పైనుంచి రాలే తుప్పుపొడిలోకి చూస్తాడు, నల్ల అద్దం లేకుండా వెల్డింగ్ చేస్తాడు. మనకు ప్రమాదమైనది అతనికీ ప్రమాదమే. ర్యాంపు గానీ లిఫ్టు గానీ ఉన్న చోటును వెతికి, రెండు మూడు వందలు ఎక్కువైనా అక్కడికే వెళ్లడం మన చేతిలో ఉన్న పని. కారుకూ ఒక జాగ్రత్త ఉంది: వెల్డింగ్ చేయిస్తుంటే బ్యాటరీ వైరు తీయించాలి, ఎర్త్ క్లాంపు వెల్డింగ్ చేసే చోటికి దగ్గరగా పెట్టించాలి, లేకపోతే ఆ కరెంటు ఇంజిన్ కంప్యూటర్ గుండా దారి వెతుక్కోవచ్చు.

పని ఎవరు చేసినా, అయిపోయాక చప్పుడు తగ్గిందని సంతోషించి డబ్బులిచ్చి వచ్చేయకండి. బీఎస్-4, బీఎస్-6 పెట్రోలు కారుకు పొల్యూషన్ పరీక్షలో ఐడిల్ దగ్గర కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. నిమిషానికి 2,500 చుట్ల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ 0.2 శాతం లోపు ఉండాలి, లాంబ్డా అనే గాలి-ఇంధన సూచిక 0.97కు, 1.03కు మధ్య నిలవాలి. సెన్సర్ దాటాక గొట్టంలో ఎక్కడైనా గాలి దూరుతుంటే లాంబ్డా అంకె పైకి జరుగుతుంది, కన్వర్టర్ ఖాళీ అయితే మొదటి రెండు అంకెలు పెరుగుతాయి. చెవికి వినిపించని అలాంటి లీకు ఈ కాగితం మీద కనిపిస్తుంది. గొట్టం లోపలికి నిజంగా ప్రోబు పెట్టించి, ఇంజిన్ బాగా వేడెక్కాక పరీక్ష చేయించి, పాత సర్టిఫికెట్‌లోని అంకెల పక్కన కొత్తవి పెట్టి చూడండి. తేడా ఉంటే ఆ రోజే షెడ్డుకు తిరిగి వెళ్లండి.